గనిలో మనిషి బరువు

గురుత్వ త్వరణం భూతలం మీద అత్యధికమనీ, పైకి వెళ్ళినా లోతుకు దిగినా తగ్గుతుందనీ మనమంతా చదువుకున్నవాళ్ళమే. "గనిలోకి దిగిన మనిషి బరువు పెరుగునా, తగ్గునా?" అన్న ప్రశ్నకు "తగ్గును" అని రాస్తే మార్కులు పడతాయి. జైపూర్, శ్రీరాంపూర్, గోదావరిఖని బడుల్లోని పిల్లలూ ఆ జవాబే నేర్చుకుంటారు. వాళ్ళ తండ్రులు, తాతలు దిగిన గనుల్లో మాత్రం సత్యం దీనికి విరుద్ధంగా ఉంది.

పైకి వెళ్ళే లెక్కలో చిక్కు లేదు. భూకేంద్రం నుండి దూరం పెరిగినకొద్దీ ఆకర్షణ ఆ దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. భూతలం నుండి 400 మీటర్లు పైకెక్కితే 50 కిలోల మనిషి బరువులో దాదాపు 6 గ్రాములు తగ్గుతుంది. జైపూర్ మండలం పెగడపల్లిలో 2016లో ఉత్పత్తి ప్రారంభించిన సింగరేణి థర్మల్ కేంద్రపు పొగగొట్టం ఎక్కే కార్మికుడికీ ఈ సూత్రమే వర్తిస్తుంది.

దిగే లెక్కలో రెండు సంగతులు ఒకేసారి జరుగుతాయి. మనిషి భూకేంద్రానికి దగ్గరవుతాడు, కనుక ఆకర్షణ పెరగాలి. అతడు దాటి వచ్చిన పై పొర భూమి చుట్టూ ఒక పెంకులాంటిది. పెంకు లోపల ఉన్నవాడి మీద దాని ఆకర్షణలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయని న్యూటన్ నిరూపించాడు. కనుక ఆ మేరకు ఆకర్షణ తగ్గాలి. ఈ రెంటిలో ఏది గెలుస్తుందో తేల్చేది పై పొర సాంద్రత. భూమి అంతటా సాంద్రత సమానమనుకుంటే తగ్గుదల గెలుస్తుంది. పాఠంలోని సూత్రం ఆ ఊహ మీద కట్టినదే. ఆ లెక్కన 400 మీటర్ల లోతులో మన మనిషి 3 గ్రాములు కోల్పోవాలి.

కాని భూమి సగటు సాంద్రత నీటికి 5.5 రెట్లు. పై రాళ్ళది 2.7కు అటూ ఇటూ, గోదావరి లోయ ఇసుకరాయిది ఇంకా తక్కువ, బొగ్గుది మరీ తక్కువ. పై పొర సాంద్రత సుమారు 3.7కు లోపు ఉన్నంతవరకు దిగినకొద్దీ గురుత్వం పెరుగుతుంది. మన గనిలో 400 మీటర్ల దగ్గర ఆ మనిషి సుమారు 2 గ్రాములు బరువెక్కుతాడు. త్రాసులో తూచితే ఇది తేలదు, తూనికరాళ్ళూ అదే పాళ్ళలో బరువెక్కుతాయి కదా!

దీన్ని తేల్చింది కూడా ఒక బొగ్గుగనే. ఇంగ్లండు రాజఖగోళవేత్త జార్జ్ ఎయిరీ యువకుడిగా కార్న్‌వాల్‌లోని డోల్కోత్ గనిలో రెండుసార్లు లోలకాలతో ప్రయత్నించాడు. 1826లో పరికరాలు మంటలపాలయ్యాయి, 1828లో గనిలోకి నీరు చేరింది. పట్టు విడవక 1854లో సౌత్ షీల్డ్స్ దగ్గరి హార్టన్ బొగ్గుగనిలో, సుమారు 380 మీటర్ల లోతున లోలకాన్ని ఊగించాడు. పై గడియారాన్నీ కింది గడియారాన్నీ విద్యుత్ సంకేతాలతో పోల్చి చూశాడు. కింది లోలకం రోజుకు రెండు సెకన్లకు పైగా ముందుకు నడిచింది. ఎయిరీ కోరుకున్నది దీన్నిబట్టి భూమినే తూచడం. అతడికి వచ్చిన సగటు సాంద్రత ఆరున్నర. నేటి విలువకంటె అది ఎక్కువే అయినా, గురుత్వం పెరుగుతుందన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు.

మా బాపు బొగ్గుబాయిలో ఫిల్లరుగా పనిచేశాడు. తట్టలతో టబ్బు నింపడం ఆయన పని. ఈ ఎయిరీ కథంతా ఒకనాడు ఆయనకు విప్పి చెప్పాను, కింద బరువు నిజంగానే ఎక్కువని. శ్రద్ధగా విని, "రెండు గ్రాములకేం గానీ బిడ్డా, ఆడ గాలి ఆడదు, కాళ్ళ కింద నీళ్ళు. గది నీ లెక్కల ఉన్నదా?" అన్నాడు. లేదు. ఆయన మోకాళ్ళను అరగదీసినది గురుత్వపు మార్పు కాదు. ఆ రెండు గ్రాములతో ఆయన శ్రమను కొలవబోవడం ఆ శ్రమకు అవమానం.

అయితే ఆ అల్పమైన తేడా వ్యర్థమూ కాదు. కింది రాళ్ళు తేలికైన చోట భూతలం మీద కూడా గురుత్వం కొద్దిగా తగ్గుతుంది. గోదావరి లోయలో బొగ్గును మోసే గోండ్వానా పొరలు ఇరువైపులా ఉన్న ప్రాచీన శిలలకంటె తేలిక. అందుకే గురుత్వ పటాల్లో ఈ లోయ తక్కువ విలువల పట్టీగా కనబడుతుంది. 1961లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట్ల శాస్త్రజ్ఞులు నేలను తవ్వకుండానే దాని లోపలి రూపాన్ని ఊహించేది ఇటువంటి కొలతల ఆధారంగానే. గని అడుగున మనిషి బరువును పెంచేదీ, గని ఉన్న లోయను పటంలో చూపేదీ రాతి తేలికదనమే.

ఇంకా లోతుకు, సుమారు 2,900 కిలోమీటర్లకు, అంటే లోహగర్భపు అంచుదాకా వెళితే గురుత్వ త్వరణం 10.7 దాకా చేరుతుంది. అక్కడినుంచే అసలైన తరుగుదల మొదలై భూకేంద్రంలో సున్నా అవుతుంది. మనిషి తవ్విన ఏ గనీ ఆ అంచు దరిదాపులకు చేరలేదు.

కనుక మన ప్రాంతపు ఉపాధ్యాయులకు ఒక మనవి. సూత్రాన్ని మార్చనక్కరలేదు. "భూమి అంతటా సాంద్రత సమానమనుకుంటే" అన్న షరతును దానికి ముందు పలికించండి. ఆ తరువాత, మన గనిలో ఆ షరతు నిలుస్తుందా అని పిల్లల్ని అడగండి. ఇసుకరాతి ముక్కను, బొగ్గుపెళ్ళను చేతబట్టి చూసిన పిల్లలు వాళ్ళు. జవాబు వాళ్ళే చెప్పగలరు.