మీటరు ఆగిన కారు

మా బావగారికి ఇంట్లో ఇద్దరు పిల్లలు, గ్యారేజీలో మూడోది. అది పోర్షే 944, 1986 మోడల్. టెక్సాస్ ఎండకి రంగు వెలిసిన ఈ ఎర్ర కారుని ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. "దానికి పోసిన డబ్బుతో మనూళ్లో స్థలం వచ్చేది" అంటుంది అక్క.

కిందటేడు సెలవు పెట్టి వాళ్లింటికి వెళ్లాను. అప్పుడే మేనల్లుడికి పదహారు నిండి లైసెన్సు వచ్చింది. ఆ కారుని హైవే మీదికి తీసుకెళ్తానని వాడి గొడవ. అక్క అడిగింది ఒక్కటే: "బెల్టు మార్చారా?"

"ఆ, మార్చిందే" అన్నారు బావగారు.

ఇంజిన్లో పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటే, వాల్వులు వేళ తప్పకుండా తెరుచుకుని మూసుకోవాలి. ఆ రెంటినీ కలిపి నడిపేది పళ్లున్న రబ్బరు బెల్టు. కొన్ని కార్లలో అది తెగితే బండి ఆగుతుంది, అంతే. 944లో అలాక్కాదు. తెరిచి ఉన్న వాల్వుల్ని పిస్టన్లు గుద్దేస్తాయి. అవి వంగిపోతే ఇంజిన్ విప్పాల్సిందే. అందుకే చాలామంది 30 వేల మైళ్లకో, నాలుగైదేళ్లకో బెల్టు మార్చేస్తారు.

ఆదివారం పొద్దున గ్యారేజీలో నేను టార్చి పట్టుకుని నిలబడితే, బావగారు గొంతు తగ్గించి, "అది ఎప్పుడు మార్చారో నాకూ తెలీదోయ్" అన్నారు.

అమ్మినాయన మార్చానన్నాడట. రసీదు లేదు. తిరిగిన మైళ్లు చూద్దామంటే, మీటరులోని చిన్న ప్లాస్టిక్ పళ్లచక్రం విరిగి అంకెలు ఎప్పుడో ఆగిపోయాయి. ఈ కార్లకిది పాత జబ్బేనట.

"మరి అక్కతో అలా చెప్పారేం?"

"ఆయన మాట నమ్మితే పోలా అనుకున్నా."

పైనున్న ప్లాస్టిక్ మూత విప్పాం. టార్చి వెలుగులో బెల్టు పళ్ల మొదట్లో సన్నటి పగుళ్లు, అంచున పోగులు. ముందురోజే పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అదే కారులో హైవే ఎక్కారాయన. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

సామాను తెప్పించి మరుసటి శనివారం పనిలో దిగాం. నీళ్ల పంపుని తిప్పేదీ ఆ బెల్టే కాబట్టి అదీ మార్చాం. గుర్తులు కలిపి, కొత్త బెల్టు ఎక్కించి, బిగువు చూశారు. వదులైతే పళ్లు జారతాయి, బిగుసుకుంటే పంపు అరుగుతుంది. స్నేహితుడి దగ్గర తెచ్చిన గేజీతో మూడుసార్లు కొలిచారు. స్టార్ట్ చేసే ముందు పానాతో ఇంజిన్ని చేత్తోనే రెండు చుట్లు తిప్పాలి. ఎక్కడైనా అడ్డు తగిలితే పిస్టన్ వాల్వుని తాకుతున్నట్టే.

ఆ చుట్లు తిప్పుతుండగా అక్క టీ తెచ్చింది. చెయ్యి ఆపకుండానే బావగారు మొత్తం చెప్పేశారు, నేను చూసిన పగుళ్లతో సహా. పాత బెల్టు అందుకుని, వంచి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది అక్క. టీ చల్లారిపోయింది.

ఎక్కడా అడ్డు తగల్లేదు. బండి స్టార్టయింది.

కారు తాళాలు ఇప్పుడు అక్క దగ్గరే ఉన్నాయి. మీటరు బాగుచేసి, రసీదు చూపించేదాకా కొడుక్కీ ఇవ్వదట, మొగుడికీ ఇవ్వదట.