పూరీల్లాంటి అక్షరాలు, పక్కకి వాలిన తెలుగు

మన గ్రూపుల్లో తిరిగే ఉగాది, బతుకమ్మ పోస్టర్లు ఒక్కసారి మళ్ళీ తెరిచి చూడండి. పైన ఇంగ్లీషులో పండగ పేరు లావుగా, గుండ్రంగా, ముందుకి వాలి పరుగెడుతున్నట్టు ఉంటుంది. తెలుగేమో కింద అడ్రస్ పక్కన సన్నగా, చుట్టపుచూపుగా వచ్చినట్టు. "అమ్మా, తెలుగు ఎప్పుడూ చిన్నగానే రాస్తారా?" అని మా చిన్నది అడిగింది. ఏం చెప్పమంటారు?

ఆ లావుపాటి వాలు అక్షరాల్లో పేరుమోసింది కూపర్ బ్లాక్ ఇటాలిక్. షికాగోలో ఉండే ఆస్వాల్డ్ కూపర్ గీసిన కూపర్ బ్లాక్ 1922లో వచ్చింది. నిలువుగా ఉండే ఆ అక్షరాలకి ఇది తోబుట్టువు. నిలువుదాన్ని మీరు చూసే ఉంటారు: ఇక్కడి ఎయిర్‌పోర్టుల్లో ఈజీజెట్ విమానాల మీద పేరు అదే. బీచ్ బాయ్స్ వాళ్ళ 1966 నాటి 'పెట్ సౌండ్స్' రికార్డు అట్ట మీదా అదే. ఒక్క మూల కూడా గుచ్చుకోదు, అన్నీ పొంగిన పూరీలే. అందుకే చూడగానే "రండి, కూర్చోండి" అన్నట్టుంటుంది. దానికి వాలు తోడైతే హుషారు కూడా. స్వీట్ల డబ్బాకి, పచ్చడి సీసా లేబుల్‌కి, పిల్లల పుట్టినరోజు బ్యానర్‌కి భలే బావుంటుంది. రెండు మూడు మాటల వరకే సుమా! హాలు అడ్రస్, టైమూ కూడా అందులోనే కొడితే అక్షరాల లోపలి ఖాళీలు మూసుకుపోయి అంతా ముద్ద.

చిక్కల్లా దాన్ని చూసి తెలుగుని కూడా వాల్చేయడంలో ఉంది. ఇంగ్లీషు ఇటాలిక్ చేతిరాతలోంచి పుట్టింది. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ 1501లోనే ఆ అక్షరాలతో పుస్తకం అచ్చేశాడు. మన తెలుగు ఫాంట్లలో చాలావాటికి అలాంటి జత లేదు. బటన్ నొక్కితే కంప్యూటర్ అక్షరాన్ని ఊరికే పక్కకి తోస్తుంది, అంతే. సున్నాలు కోడిగుడ్లవుతాయి, ఒత్తులు పక్క అక్షరం కిందకి జారతాయి. బాపుగారి అక్షరాల్లో ఉన్న ఒయ్యారం చేతిలోంచి వచ్చింది, బటన్‌లోంచి కాదు.

పైగా బోల్డ్ నొక్కితే థలో చుక్క పూడిపోతుంది. కథల సాయంత్రం పోస్టర్ చూసి మా అమ్మాయి 'కధ' అని చదివింది. (పెద్దవాళ్ళం మనమూ చాలామంది అలాగే రాస్తాం, అది వేరే సంగతి.) కూడబలుక్కుని చదివే పిల్లకి ఆ ఒక్క చుక్కే ఆధారం కదండీ!

అసలు గుండ్రదనం కోసం మనం అరువుకి వెళ్ళక్కర్లేదు, మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం. శీర్షికల కోసమే చేసిన లావు తెలుగు ఫాంట్లున్నాయి. సిలికానాంధ్ర వాళ్ళ 'రామభద్ర', 'రవిప్రకాష్' గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. వాటిని నిలువుగానే ఉంచి, ఒత్తులకి కింద చోటు వదిలి, తెలుగుని పైన పెట్టండి. ఇంగ్లీషు పక్కన వాలితే వాలనివ్వండి.

సంక్రాంతి పోస్టర్ చేసేవాళ్ళు అచ్చుకి ఇచ్చేముందు ఊళ్ళో అమ్మకో అత్తయ్యకో వాట్సాప్‌లో పంపండి. ఆవిడ కళ్ళజోడు వెతుక్కోకుండా చదివేస్తే ఇచ్చేయొచ్చు.