శంకరాభరణం ఎవరి సినిమా?

2023 ఫిబ్రవరి 2న కె.విశ్వనాథ్ గారు చనిపోయారు. మర్నాడు పొద్దున్న నా ఫోన్‌లో ఎవరి వాట్సాప్ స్టేటస్ చూసినా ‘శంకరాభరణం’ స్టిల్, ‘సాగరసంగమం’ పాట, ‘స్వాతిముత్యం’ క్లిప్పు. ఎంత యాదృచ్ఛికమో గానీ, 1980లో ‘శంకరాభరణం’ రిలీజైంది కూడా ఫిబ్రవరి 2నే.

నేను చూసిన ఆ స్టేటస్‌ల్లో ఒక పేరు మాత్రం ఎక్కడా లేదు. ఈ మూడు సినిమాల టైటిల్స్‌లోనూ ఉన్న పేరు అది. ఏడిద నాగేశ్వరరావు. మూడింటికీ ఆయనే నిర్మాత.

నిర్మాత అంటే మనకి కళ్ల ముందు ఒక బొమ్మ ఉంటుంది. బాగా డబ్బున్నాయన, ఫంక్షన్‌లో మైకు పట్టుకుని హీరోని పొగిడే ఆయన. ఏడిద కథ తెలిశాక నాకు ఆ బొమ్మ చెరిగిపోయింది.

ఆయన తూర్పుగోదావరి జిల్లా కొత్తపేటలో 1934లో పుట్టారు. నాటకాల పిచ్చి. ఆ పిచ్చితోనే మద్రాసు వెళ్లారు. సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేశారు, వేరేవాళ్ల పాత్రలకి డబ్బింగ్ చెప్పారు. 1976లో విశ్వనాథ్ గారి ‘సిరిసిరిమువ్వ’ నిర్మాణ బాధ్యతలు చూసుకున్నారు. తర్వాత ‘పూర్ణోదయ’ అని సొంత బ్యానర్ పెట్టుకుని 1979లో ‘తాయారమ్మ బంగారయ్య’ తీశారు. ఆ మరుసటి ఏడాది వచ్చిందే ‘శంకరాభరణం’.

అప్పటి మార్కెట్ ఎలా ఉందో ఒకసారి ఊహించండి. ‘అడవిరాముడు’, ‘వేటగాడు’ లాంటి సినిమాలు థియేటర్లని ఊపేస్తున్న కాలం. అలాంటి టైంలో ఈయన తీసిన సినిమాకి హీరో ఎవరు? నాటకాల్లో పేరున్నా సినిమా జనానికి పెద్దగా తెలియని, యాభై దాటిన జె.వి.సోమయాజులు. డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం చేసుకుంటున్న మనిషి. మంజుభార్గవి అప్పటికి ఐటెం పాటలతో తెలిసిన నటి. కథేమో ఒక కర్ణాటక సంగీత విద్వాంసుడిది. ఫైట్లు లేవు, హీరో హీరోయిన్ల డ్యూయెట్లు లేవు.

ఇప్పుడైతే ఓటీటీ ఉంది, శాటిలైట్ హక్కులున్నాయి, హిందీ డబ్బింగ్ ఉంది, యూట్యూబ్ ఉంది. థియేటర్‌లో పోయినా ఇంకోచోట కొంత రావొచ్చు. 1980లో ఇవేవీ లేవు. నైజాం, సీడెడ్, ఆంధ్రా అని ఏరియాల వారీగా డిస్ట్రిబ్యూటర్లు కొనాలి. వాళ్లు ఇచ్చే అడ్వాన్సులతోనే చాలా సినిమాలు పూర్తయ్యేవి. వాళ్లు పెదవి విరిస్తే మిగిలేది అప్పు, ఆ అప్పు మీద వడ్డీ. ‘శంకరాభరణం’ చూసి చాలామంది డిస్ట్రిబ్యూటర్లు పెదవే విరిచారు. రిలీజైన మొదటి రోజుల్లో హాళ్లు వెలవెలబోయాయి. తర్వాత చూసినవాళ్లు ఇంకొకరికి చెప్పి, వాళ్లు మరొకరికి చెప్పి, నెమ్మదిగా నిండాయి. చివరికి మన రాష్ట్రం దాటి తమిళనాడు, కేరళ, కర్ణాటకల్లోనూ ఆడింది. నాలుగు జాతీయ అవార్డులొచ్చాయి. 

అయితే నాకు అసలు ఆశ్చర్యం కలిగించింది హిట్ కాదు, హిట్ తర్వాత ఆయన చేసిన పని.

మా ఫీల్డ్‌లో ఒక ప్రొడక్ట్ క్లిక్ అయిందంటే మర్నాడే మీటింగ్. ఎలా స్కేల్ చేద్దాం? టీమ్‌ని ఎంత పెంచుదాం? ఏడిద స్కేల్ చేయలేదు. 1980 నుంచి 1992 దాకా పన్నెండేళ్లలో ఆయన తీసినవి ఎనిమిది సినిమాలు. ‘శంకరాభరణం’ ఊపులో ఇంకో సంగీతం కథ తీసేయొచ్చు. కానీ 1981లో భారతీరాజాతో, కొత్త కుర్రాడు కార్తీక్‌ని, కొత్త అమ్మాయి ముచ్చర్ల అరుణని పెట్టి ‘సీతాకోకచిలుక’ తీశారు. 1983లో ‘సాగరసంగమం’. 1984లో, అప్పటికి ఒక్క సినిమా తీసిన వంశీని పిలిచి ‘సితార’ అప్పగించారు. తెలుగు తెరకి భానుప్రియ పరిచయమైంది ఆ సినిమాతోనే. 1986లో ‘స్వాతిముత్యం’. భారతదేశం తరఫున ఆస్కార్‌కి అధికారిక ఎంట్రీగా వెళ్లిన తెలుగు సినిమా. 1987లో, ‘పసివాడి ప్రాణం’తో చిరంజీవి హాళ్లు దద్దరిల్లించిన ఏడాదే, అదే చిరంజీవితో చెప్పులు కుట్టించి ‘స్వయంకృషి’ తీశారు.

ఒకసారి గెలిచినవాడు రెండోసారి రిస్క్ తీసుకోవడం మొదటిసారి కన్నా కష్టం. మొదటిసారి పోయేది డబ్బే. రెండోసారి పేరు కూడా పోతుంది. ఈయన ప్రతిసారీ తీసుకున్నారు.

ఇదంతా నేను ఊరికే చదవలేదు. పోయినేడు మా ఇంజినీరింగ్ కాలేజీ రూమ్మేట్ ఉద్యోగం మానేసి కృష్ణానగర్‌లో గది తీసుకున్నాడు. చిన్న బడ్జెట్‌తో ఒక సినిమా తీస్తానని, ఐదారుగురు ఫ్రెండ్స్ తలా కాస్త వేయాలని అడిగాడు. “మామా, నువ్వు రెండు లక్షలు పెట్టు చాలు, కో-ప్రొడ్యూసర్ అని వేస్తా” అన్నాడు. రెండు లక్షలంటే నేను కారు డౌన్‌పేమెంట్ కోసం దాచుకున్న డబ్బు.

‘కేరాఫ్ కంచరపాలెం’ నిర్మాత ప్రవీణ పరుచూరి అమెరికాలో డాక్టర్. ఇండస్ట్రీ బయటి మనిషి అలాంటి సినిమా తీయగలిగారు కదా అని ఒక పక్క ధైర్యం. రిలీజే కాకుండా హార్డ్ డిస్క్‌లో ఉండిపోయిన సినిమాలు ఎన్నో అని ఇంకో పక్క భయం.

అమ్మని అడిగాను. “స్వాతిముత్యం చూశావు కదా, ప్రొడ్యూసరెవరో తెలుసా?” “విశ్వనాథ్ సినిమా కదరా” అంది. నిర్మాతకి చివరికి మిగిలేది ఇదన్నమాట అనుకున్నాను.

డబ్బు మాట పక్కన పెట్టి, ముందు స్క్రిప్ట్ పంపమన్నాను. రెండు ఆదివారాలు కూర్చుని చదివాను. ఫస్టాఫ్‌లో నాన్న పాత్ర చదువుతుంటే గొంతు పట్టేసింది. సెకండాఫ్‌లో అదే పాత్ర మాయమైపోయింది. అదే చెప్పాను. వాడికి కోపం వచ్చింది, వారం రోజులు ఫోన్ చేయలేదు. తర్వాత మార్చిన వెర్షన్ పంపి, “ఇప్పుడు చెప్పు” అన్నాడు. బాగుంది. రెండు లక్షలు ఇచ్చాను. రాకపోయినా ఫర్వాలేదనుకునే ఇచ్చాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

డబ్బు ఇచ్చేవాడు ఫైనాన్షియర్. కథని ముందుగా నమ్మేవాడు నిర్మాత. ఈ రెండింటికీ తేడా నాకు ఆ రెండు ఆదివారాల్లో కాస్త అర్థమైంది. ఏడిద అలాంటి ఆదివారాలు ఎన్ని గడిపి ఉంటారో.

నమ్మిన ప్రతిదీ గెలవదు కూడా. 1992లో చిరంజీవితో ‘ఆపద్బాంధవుడు’ తీశారు. అదే ఏడాది ‘ఘరానా మొగుడు’ చూసిన ఫ్యాన్స్‌కి ఆవులు కాసుకునే ఈ చిరంజీవి ఎక్కలేదు. ఉత్తమ నటుడిగా చిరంజీవికి నంది వచ్చింది గానీ, సినిమా ఆశించినట్టు ఆడలేదు. ఆ తర్వాత ఏడిద మళ్లీ సినిమా తీయలేదు. 2015 అక్టోబర్ 4న చనిపోయారు. అంటే దాదాపు ఇరవై మూడేళ్లు, ‘శంకరాభరణం’ తీసిన మనిషి సినిమా తీయకుండా ఉన్నారు.

మొదట్లో ఆ ఇరవై మూడేళ్లు నాకు ఓటమిలా కనిపించాయి. ఇప్పుడలా అనిపించడం లేదు. తను నమ్మని సినిమా మీద తన పేరు వేయలేదు, అంతే. తీసిన లిస్టు ఎంత ముఖ్యమో, తీయకుండా వదిలేసింది కూడా అంతే ముఖ్యం.

ఈసారి టీవీలోనో యూట్యూబ్‌లోనో ‘సాగరసంగమం’ వస్తే టైటిల్స్ స్కిప్ చేయకండి. ఆ పేరు వచ్చేదాకా ఆగండి.