కొండాపూర్‌లో సముద్రపు నత్త

పటాన్‌చెరు దాటాక ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డికి సాగే ముంబై రహదారి కంటికి గాని, ముక్కుకు గాని సుఖమిచ్చేది కాదు. లారీల బారులు, ప్రహరీల వెనుక పొగగొట్టాలు, గాలివాటును బట్టి మారే మందుల ఘాటు తప్ప చెప్పుకోదగినది తక్కువ. సంగారెడ్డి దాటి కొండాపూర్ చేరిన యాత్రికుడికి మాత్రం, ఎటు చూసినా సముద్రం మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరమున్న ఆ చోట, సముద్రపు నత్త ఆనవాళ్లు ఎదురవుతాయి.

ఊరి దగ్గరి కోటగడ్డ అనే దిబ్బను నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1940ల తొలి ఏళ్లలో ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ ఆధ్వర్యంలో తవ్వించగా శాతవాహనుల కాలపు ఇటుక కట్టడాలు, నాణేలు, పూసలు, మట్టిబొమ్మలతో పాటు చిప్పతో చేసిన వస్తువులూ బయటపడ్డాయి. అక్కడి మ్యూజియంలో చూపరులు నాణేల ముందు ఆగినంత సేపు చిప్పల ముందు ఆగరు గాని, ఎక్కువ ఆలోచింపజేసేవి అవే.

జీవి పోయి, పెంకును రంపంతో కోసి, గాజుగా అరగదీసిన తరువాత మిగిలిన ముక్క ఏ జాతిదో తేల్చడానికి రంగు పనికిరాదు. పెంకు నిర్మాణమే ఆధారం. పూజలో వాడే శంఖం, అంటే లిన్నేయస్ 1767లో వర్ణించిన, నేడు టర్బినెల్లా పైరమ్ అని పిలిచే నత్త, మన్నారు సింధుశాఖలోను, కచ్ తీరంలోను ఇసుక అడుగున పురుగులను తింటూ బతుకుతుంది. దాని పెంకు మందంగా, తెల్లగా ఉండి, చుట్లన్నీ ఆనుకునే నడిమి స్తంభం మీద మూడు నాలుగు ఏటవాలు మడతలు కనిపిస్తాయి. ముళ్ల శంఖమైన చికోరియస్‌లో ఆ స్తంభం నున్నగా ఉంటుంది. గాజు ముక్కలో స్తంభం మిగలకపోయినా, చుట్టు చుట్టుతో కలిసే చోట ఏటవాలు అతుకు గీత తరచుగా నిలిచి ఉంటుంది.

మద్రాసు మత్స్యశాఖకు చెందిన జేమ్స్ హార్నెల్ 1914లో శంఖంపై వెలువరించిన గ్రంథంలో పాత ఊళ్ల దిబ్బల్లో దొరికిన ఇలాంటి ముక్కలను పరిశీలించి, బెంగాల్‌లో మిగిలిన శంఖపు గాజుల పని ఒకప్పుడు దక్కన్, గుజరాత్‌ల దాకా వ్యాపించి ఉండేదని చూపాడు.

జంతుశాస్త్రం ఒక జాతిని ఒక ప్రాంతానిదిగా నమోదు చేయాలంటే అది అక్కడ సహజంగా బతకాలి. ఆ లెక్కన కొండాపూర్ చిప్పలు తెలంగాణ జంతుజాలంలో చేరవు, తీరంతో ఈ ఊరికున్న వర్తకానికి మాత్రం సాక్ష్యమవుతాయి. ఈ రహదారిన పోయేవారు కాస్త పక్కకు మళ్లి చూడదగిన చోటిది. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది.