ఘాట్ రోడ్డు కంటే సెల్లారే ఎత్తు

హైదరాబాద్ తూర్పు శివారులోని ఒక ఆర్టీఏ డ్రైవింగ్ టెస్ట్ ట్రాకుకు ఉదయం పూట వెళ్తే కనిపించేది ఇంతే: సిమెంటు నేల మీద గీతలు, వాటి అంచుల వెంట పాతిన కడ్డీలు, ఎండ తగలకుండా ఒక రేకుల షెడ్డు, దాని కింద కాగితాలు పట్టుకుని నిలబడిన జనం. డ్రైవింగ్ స్కూలు కార్లు నెత్తిన బోర్డులు పెట్టుకుని గేటు దగ్గర బారులు తీరి ఉంటాయి. షెడ్డు కింద మాటలన్నీ ట్రాకు మీద బండి తిప్పి చూపాల్సిన 'ఎయిట్', 'హెచ్' ఆకారాల గురించే. రివర్సులో కడ్డీ తగిలితే ఏమవుతుంది, స్టీరింగు ఎక్కడ తిప్పడం మొదలుపెట్టాలి, అద్దంలో ఏ కడ్డీ కనపడగానే ఆగాలి అని ఇన్‌స్ట్రక్టర్లు చివరి నిమిషం దాకా చెబుతూనే ఉంటారు. ట్రాకులో ఒక పక్కన, ఒకవైపు ఎక్కి రెండోవైపు దిగేలా కట్టిన చిన్న సిమెంటు దిబ్బ ఉంది. అక్కడివాళ్ళు దాన్ని 'అప్' అంటారు. దాని గురించి ఎవరూ కంగారు పడరు. "అప్ మీద ఆపి, హాఫ్ క్లచ్‌లో పట్టుకోండి మేడమ్, రేజ్ ఇస్తే అదే ఎక్కుతుంది" అన్న ఒక్క వాక్యంతో ఆ పాఠం అయిపోతుంది. నేను వెళ్ళింది ఆ దిబ్బను చూడటానికే. టెస్టులో అందరూ తేలిగ్గా తీసుకునే ఈ చిన్న ఎక్కుడే, లైసెన్సు చేతికొచ్చాక కొత్తవాళ్ళను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెడుతుంది. అందుకు కారణం ఆ ఒక్క వాక్యంలోనే ఉందని నా వాదన.

రూలు రాసినవాళ్ళు మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 15వ నియమం, టెస్టుకు వచ్చిన మనిషి ఏమేం చేసి చూపాలో వరసగా చెబుతుంది. నిటారు ఎక్కుడు మీద బండిని ఆపి, వెనక్కి అస్సలు జారకుండా మళ్ళీ కదిలించాలన్నది అందులో ఒకటి. అందుకు రెండు దారులు ఇచ్చింది: హ్యాండ్‌బ్రేకును సరిగ్గా వాడటం, లేదా ఎక్స్‌లేటరును, కాలి బ్రేకును సరిగ్గా వాడటం. ట్రాకు మీద కాసేపు నిలబడి చూస్తే మొదటి దారి పుస్తకంలోనే ఉండిపోయిందని అర్థమవుతుంది. హ్యాండ్‌బ్రేకు లాగే చెయ్యి అరుదుగా కనిపిస్తుంది. ఎక్కువమంది దిబ్బ మధ్యలో కాలి బ్రేకుతో ఆగి, క్లచ్‌ను సగం వదిలి, ముందు భాగం కొంచెం వణకగానే కుడికాలిని ఒక్క ఉదుటున బ్రేకు మీంచి ఎక్స్‌లేటరు మీదికి మారుస్తారు. కొందరి బండి ఎక్కుతుంది. కొందరిది గుర్రుమని ఎగిరి దూకుతుంది. కొందరిది ఆఫ్ అయిపోతుంది. ఇంజన్ ఆఫ్ అయినవాళ్ళ మొహం చూస్తే విషయం తెలిసిపోతుంది: బండి వెనక్కి పోతుందేమోనన్న భయానికి ఎడమకాలు క్లచ్‌ను చటుక్కున వదిలేసింది. అంటే వాళ్ళకు తెలియనిది ఎక్స్‌లేటరు ఎంత తొక్కాలన్నది కాదు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో ఆ కాలికి తెలియదు, తెలుసుకునేంత తీరిక భయం ఇవ్వదు.

ఆ భయం ఊరికే వచ్చింది కూడా కాదు. చిన్న కారు బరువు సుమారు 1,000 కిలోలు అనుకుందాం. ముప్పైకి ఒకటి వంపున్న ఎక్కుడు మీద, అంటే 30 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేచే చోట, ఆ కారును కిందికి లాగే బలం దాదాపు 33 కిలోల బరువుకు సమానం. నగరంలో ఫ్లైఓవర్ ఎక్కుళ్ళు దాదాపు ఇలాంటివే. అక్కడ బ్రేకు వదిలేస్తే, టైర్ల రాపిడి పోగా, మొదటి సెకనులో కారు 11, 12 సెంటీమీటర్లు జారుతుంది. అది ఒక జానెడు కూడా కాదు. ఆ సెకనులోపే కుడికాలు ఎక్స్‌లేటరు మీదికి చేరిపోతుంది కాబట్టి జారినట్టే తెలియదు. అదే ఎనిమిదికి ఒకటి వంపు మీద కిందికి లాగే బలం 124 కిలోల దగ్గరికి పెరుగుతుంది. అక్కడ మొదటి సెకనులోనే కారు అరమీటరు దాటి వెనక్కి పోతుంది. రెండు సెకన్లు తడబడితే రెండు మీటర్ల పైనే. కాలం రెండింతలైతే దూరం నాలుగింతలవుతుంది, అదే ఇందులో ఉన్న మోసం. ఫ్లైఓవర్ మీద రోజూ ఇబ్బంది లేకుండా కదిలిపోతున్న మనిషి తనకు ఈ విద్య వచ్చేసిందనుకుంటాడు. నిజానికి వంపు తక్కువ కాబట్టి అక్కడ విద్యతో పనే పడలేదు.

మరి ఎనిమిదికి ఒకటి వంపు ఎక్కడుంటుంది? ఎత్తు మీద బండి అనగానే మనవాళ్ళకు తిరుమల, శ్రీశైలం, అరకు దారులే గుర్తొస్తాయి. డ్రైవింగ్ స్కూళ్ళ వాళ్ళు కూడా "ఘాట్‌లో నడపాలంటే నేర్చుకోవాలి గానీ సిటీలో ఎందుకండీ" అంటుంటారు. లెక్క తిరగేసి ఉంది. కొండ ప్రాంతాల రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టుకున్న సాధారణ ప్రమాణం ఇరవైకి ఒకటి, అంటే 5 శాతం. తప్పనిసరైన చోట్ల కొద్ది దూరానికి 7, 8 శాతం దాకా ఒప్పుకుంటారు. అపార్ట్‌మెంట్ల సెల్లార్ ర్యాంపులకు ఇంజనీర్లు మామూలుగా గీసే వంపు ఎనిమిదికి ఒకటి, అంటే 12.5 శాతం. ఘాట్ రోడ్డు ప్రమాణానికి ఇది రెండింతలకు పైమాటే. పైగా ఘాట్ రోడ్డు మీద ఆగాల్సిన అవసరం తక్కువ. తిరుమలకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాయి. ఇప్పుడు ఎక్కే బండ్లు ఒకదాని మీద, దిగేవి ఇంకోదాని మీద వెళ్తాయి కాబట్టి ఎదురు వచ్చేవాడి కోసం ఆగే పని లేదు. సెల్లార్ ర్యాంపు మీద అలా కుదరదు. పైన గేటు ఉంటుంది, గేటు అవతల వీధి ఉంటుంది, వీధిలో స్కూటర్లు, స్కూలు పిల్లలు, కూరగాయల బండి. వాచ్‌మన్ చెయ్యి ఊపేదాకా సరిగ్గా ఎక్కుడు మధ్యలో ఆగి తీరాలి, వెనక ఇంకో ఫ్లాటు వాళ్ళ కారు ఆనుకుని నిలబడి ఉండగా. ట్రాకు మీద దిబ్బ ఈ ర్యాంపులతో పోలిస్తే చాలా సాధువని చూడగానే తెలుస్తుంది.

ఇక ఆ ఒక్క వాక్యం సంగతి. హాఫ్ క్లచ్‌లో బండిని ఎక్కుడు మీద నిలబెట్టడం మన దగ్గర పనితనంగా చలామణీ అవుతోంది. బ్రేకు తొక్కకుండా, ముందుకీ వెనక్కీ పోకుండా కారును ఊయల మీద ఉన్నట్టు నిలిపి ఉంచేవాణ్ణి చూసి పక్కవాళ్ళు మెచ్చుకుంటారు. అప్పుడు లోపల ఏం జరుగుతోందో లెక్కేస్తే మెచ్చుకోలు తగ్గుతుంది. ఇంజన్ నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతోంది, చక్రాలు కదలడం లేదు. ఆ తేడా అంతా క్లచ్ ప్లేటు మీద రాపిడిగా పోవాలి. 1,000 కిలోల కారును ఎనిమిదికి ఒకటి వంపు మీద ఇలా నిలబెడితే, మొదటి గేరు నిష్పత్తులు మామూలుగా ఉండే కార్లో క్లచ్ దగ్గర పుట్టే వేడి మూడున్నర నుంచి నాలుగు కిలోవాట్లు. బాత్రూములో గీజర్లు రెండు ఒకేసారి వేసినంత వేడి, చల్లార్చడానికి నీళ్ళు లేకుండా. గేటు తెరుచుకునేదాకా అర నిమిషం అలా నిలబడితే కాలిన వాసన రావడంలో వింత లేదు. హ్యాండ్‌బ్రేకు లాగి ఆగినవాడి క్లచ్ మీద ఆ అర నిమిషం ఏ రాపిడీ ఉండదు. కదిలే ఒకటి రెండు సెకన్లే ఉంటుంది. అరిగిన క్లచ్ మార్చే డబ్బు సంగతి పక్కన పెట్టినా ఇంకో చిక్కుంది. స్కూలు కారుకు ఇన్‌స్ట్రక్టరు వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి, ఉండాలని నియమమే. అప్ మీద కొత్తవాళ్ళ బండి జారబోగానే ఆయన కాలు అలవాటుగా ముందుకు పోతుంది. ప్రమాదం తప్పుతుంది, పాఠం కూడా తప్పిపోతుంది. బండిని నిలబెట్టింది తన కాలేనని నేర్చుకునేవాళ్ళు నమ్ముతారు.

దీనికి అడ్డుచెప్పేవాళ్ళ మాటల్లో పస లేదని అనను. మొదటిది: ట్రాఫిక్‌లో హ్యాండ్‌బ్రేకు లాగి వదిలే తీరికెక్కడ, వెనకవాడు హారన్ మోగిస్తుంటే? ఆ తీరిక ఉంది, ఆగి ఉన్నప్పుడే. హ్యాండ్‌బ్రేకు మీద నిలబడిన బండిలో కుడికాలు ఖాళీగా ఉంటుంది. ముందు కారు కదలబోతున్నట్టు కనిపించగానే కొంచెం రేజ్ ఇచ్చి, క్లచ్‌ను మెల్లగా లేపితే ఇంజన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కొద్దిగా పైకి లేస్తుంది. ఎడమకాలిని అక్కడే ఆపి హ్యాండ్‌బ్రేకు వదలడం ఒక చేతి కదలిక. కుడికాలిని ఒక పెడల్ మీంచి ఇంకో పెడల్ మీదికి గెంతించడం కంటే దీనికి ఎక్కువ సమయం పట్టదు, జారడానికి సందే ఉండదు. రెండోది: అనుభవం ఉన్న డ్రైవర్లెవరూ హ్యాండ్‌బ్రేకు ముట్టుకోరు కదా? నిజమే, వాళ్ళ ఎడమకాలికి క్లచ్ పట్టే చోటు తెలుసు. ఆ చోటు తెలియనివాడికి, వెనక్కి పోతానన్న భయం లేకుండా తెలుసుకునే వీలు కల్పించేది హ్యాండ్‌బ్రేకే. ఏళ్ళ తరబడి నడిపినవాడి అలవాటును మొదటి వారం పాఠంగా పెట్టడం దగ్గరే తప్పు జరుగుతోంది.

మూడో అభ్యంతరం కొత్త కార్లు కొన్నవాళ్ళది: హిల్ హోల్డ్ ఉండగా ఇదంతా ఎందుకు? హిల్ హోల్డ్ మంచి సదుపాయమే. కాలి బ్రేకు వదిలాక కూడా అది చక్రాలను రెండు సెకన్ల దాకా పట్టి ఉంచుతుంది, ఆ తర్వాత వదిలేస్తుంది. క్లచ్ పట్టే చోటు తెలిసినవాడికి రెండు సెకన్లు ధారాళం; తెలియనివాడు అదే తడబాటు రెండు సెకన్లు ఆలస్యంగా పడతాడు. పైగా సెకండ్‌హ్యాండ్‌లో చేతులు మారే చిన్న కార్లలో చాలావాటికి అది లేదు. ఇక గేర్ల గొడవే లేని ఆటోమేటిక్ వచ్చాక ఈ విద్య పాతబడిందనేవాళ్ళు ఉన్నారు. మన దగ్గర 2014లో సెలెరియోతో మొదలై చవక కార్లలో బాగా పాకిన ఏఎంటీ రకం ఆటోమేటిక్‌లో ఉన్నది ఇదే క్లచ్, ఇవే గేర్లు. కాలి బదులు మోటారు తొక్కుతుంది, అంతే. హిల్ హోల్డ్ లేని ఏఎంటీ ఎక్కుడు మీద జారుతుంది, దానికీ హ్యాండ్‌బ్రేకే దిక్కు. ఇంకో సంగతి: బ్రిటన్‌లో ఆటోమేటిక్ కార్లో టెస్టు పాసైనవాళ్ళకు ఆటోమేటిక్ నడిపే లైసెన్సే ఇస్తారు. మన దగ్గర మోటారు సైకిళ్ళకు గేర్లు ఉన్నవి, లేనివి అన్న తేడా లైసెన్సులో ఉంది గానీ కారుకు లేదు. ఇవాళ ఆటోమేటిక్‌లో పాసైన మనిషి రేపు బావమరిది పాత మాన్యువల్ కారు తీసుకుని సెల్లార్‌లోంచి పైకి రావచ్చు.

నేర్పే పద్ధతి మారడానికి పెద్ద ఖర్చేమీ లేదు. కారుకు డ్రైవింగ్ స్కూళ్ళు కనీసం 21 రోజుల శిక్షణ, అందులో 10 గంటలు స్టీరింగు పట్టి నడపడం ఇవ్వాలని ఆ 1989 నియమాలే చెబుతున్నాయి. ఆ 10 గంటల్లో మొదటి గంట చదునైన నేల మీదే, ఎక్స్‌లేటరు ముట్టకుండా, క్లచ్‌ను మెల్లగా లేపుతూ బండి ఎక్కడ కదలబోతుందో పదేపదే పట్టుకోవడానికి కేటాయించవచ్చు. ఆ తర్వాత తక్కువ వంపు మీద హ్యాండ్‌బ్రేకుతో, తర్వాత నిజమైన సెల్లార్ ర్యాంపు మీద, చివరికి వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి. ఈ చివరిది ఎవరూ చేయించరు. స్కూలు కార్లో ఇద్దరే ఉంటారు. ఇంట్లోవాళ్ళందరూ ఎక్కి, డిక్కీలో సామాను పడ్డాక అదే కారు బరువు నాలుగో వంతు పెరుగుతుంది, కిందికి లాగే బలమూ అంతే పెరుగుతుంది. ఒక లీటరు పెట్రోలు ఇంజన్ తన పూర్తి టార్కు, 90 న్యూటన్ మీటర్ల దాకా, ఇచ్చేది 3,500 చుట్ల దగ్గర. ఏసీ వేసి ఉండి, రేజ్ తక్కువ ఇస్తే అక్కడే ఆఫ్ అవుతుంది. "మా బండి హ్యాండ్‌బ్రేకు పట్టదండీ, అందుకే వాడం" అని ట్రాకు దగ్గర వినపడే మాట ఒకటుంది. మిగతా అభ్యంతరాలన్నిటిలోకీ ఇదే నిజాయితీ అయినది. అయితే దానికి జవాబు హాఫ్ క్లచ్ కాదు, మెకానిక్కు. కేబుల్ సాగిపోయిన హ్యాండ్‌బ్రేకుతో వచ్చిన కారును అప్ ఎక్కించకముందే వెనక్కి పంపితే, వారం తిరక్కుండా స్కూళ్ళన్నీ కేబుళ్ళు బిగించుకుంటాయి.