నాయనమ్మ పెండింగ్ బొంతలు

మా ఆఫీసులో సగం రాసి వదిలేసిన కోడ్‌కి "వర్క్ ఇన్ ప్రోగ్రెస్" అని ముద్దుపేరు. దుండిగల్‌లో మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో అలాంటివి 3 ఉన్నాయి, సగం కుట్టిన బొంతలు!

బొంత అంటే తెలుసు కదా? పాత నూలు చీరలు 4-5 పొరలుగా పరిచి, ముందు అంచులు కుట్టేసి, వరుసగా టాకాలు వేసుకుంటూ లోపలికి రావాలి. ఉతికినప్పుడు పొరలు ముద్దకట్టకుండా పట్టుకునేవి ఆ వరుసలే. పొరల మధ్య నిలిచిన గాలి చలిని ఆపుతుంది. బెంగాల్ కాంథా, మహారాష్ట్ర గోధడీ దీని చుట్టాలే. కాంథా బొటిక్‌లకెక్కింది, మన బొంత అటకెక్కింది.

ఇప్పటి పాలిస్టర్ చీరలు దీనికి పనికిరావు. సూది కింద జారిపోతాయి, చెమట పీల్చవు. అంటే ఆ పెట్టెలో ఉన్నదే మా ఇంటి ఆఖరి స్టాకు.

నాయనమ్మకి చూపు తగ్గుతోంది. అందుకే వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో, పైన ఎయిర్‌ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానాలు తిరుగుతుంటే, లాగిన్ అయ్యేలోపు ఒక గంట ఇద్దరం కుడుతున్నాం. ఆమె టాకాలు బియ్యపు గింజలంత, నావి చిక్కుడు గింజలంత. విప్పి మళ్ళీ కుడతానంటే, "ఉండనియ్యి బిడ్డా, ఎవ్వరు కుట్టిన్రో ఎర్కైతది" అంది. నా పాత చొక్కాలతో కొత్తది మొదలుపెడదామంటే మాత్రం, "ముందుగాల ఉన్నయి ఒడువనియ్యి" అని ఖరాఖండిగా చెప్పేసింది.

వాటిలో ఒకదాంట్లో తాతయ్య ధోవతి ఉంది. అది ఆమె కళ్ళకి ఆనుతుండగానే పూర్తవ్వాలి. నాకు తెలిసి ఇంతకన్నా గట్టి డెడ్‌లైన్ లేదు.

మీ అటక మీద కూడా సగం బొంత ఉందేమో ఓసారి చూడండి. కుట్టు రాకపోయినా ఫర్లేదు, సూదిలో దారం ఎక్కించిస్తే చాలు!