పంజరం దాటొచ్చాక...

తప్పిపోయిన హ్యామ్‌స్టర్ దొరికిందంటే పిల్లలకి పండగే. చాలా ఇళ్లలో అసలు దిగులు మాత్రం ఆ తర్వాతే మొదలవుతుంది. నిన్నటిదాకా అరచేతిలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు తిన్నది కాస్తా, చెయ్యి కనబడితే కొరకడానికొస్తుంది. రాత్రంతా పంజరం ఊచలు కొరుకుతూ ఉంటుంది.

భూపాలపల్లి సింగరేణి కాలనీలోని ఓ ఇంట్లోనూ అదే జరిగింది. జనగామలో ఉండే మేనమామ, మేనకోడలి పుట్టినరోజుకని హైదరాబాద్‌ నుంచి కొనితెచ్చిన బంగారురంగు హ్యామ్‌స్టర్ అది. ఓ రాత్రి పంజరం గడియ సరిగా పడలేదు. మూడురోజులు జాడ లేదు. నాలుగోరోజు పొద్దున బియ్యం డ్రమ్ము వెనక కనిపించింది. పక్కనే చిన్న కుప్ప... నాలుగు పల్లీలు, బియ్యం గింజలు, చింపిన కాగితం ముక్కలు. పాప సంబరంగా ఎత్తుకోబోయింది. చటుక్కున కొరికేసింది!

వేలు సబ్బుతో కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. నొప్పి కన్నా, అది తనని మర్చిపోయిందన్నదే పాప బాధ.

‘‘ఎలుకజాతికి యాదెక్కడిది బిడ్డా? చేన్ల ఇడిసిపెట్టుర్రి’’ అంది మహబూబాబాద్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన అమ్మమ్మ. వరికోతలయ్యాక పందికొక్కు బొరియ తవ్వితే లోపల కంకులు దొరకడం ఆమె చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. డ్రమ్ము వెనక కుప్పని చూడగానే ‘‘గిదీ గా తీరే’’ అని తేల్చేసింది.

ఆమె పోలిక సరైనదే. సలహాయే ప్రమాదం. ఇది ఈ నేల జీవి కాదు. చేలో వదిలితే పిల్లికో, పాముకో, గద్దకో చిక్కుతుంది. లేదంటే మన ఎండలకే ప్రాణం వదులుతుంది.

దీని పుట్టిల్లు సిరియా. 1930లో ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రవేత్త అలెప్పో దగ్గర ఓ గోధుమచేలో తవ్విస్తే, దాదాపు 8 అడుగుల లోతున ఓ తల్లీ పిల్లలూ దొరికాయి. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి చేరాక వాటిలో కొన్ని చెక్కపెట్టెను కొరికి పారిపోయాయి కూడా! మిగిలిన కొద్దిపాటి వాటి సంతానమే ఇవాళ ఇళ్లలో పెరుగుతున్న బంగారు హ్యామ్‌స్టర్లలో చాలావరకు. అంటే, పారిపోవడం వాటికి కొత్తేం కాదు. పగలు బొరియలో నిద్ర, చీకటిపడ్డాక పరుగు, బుగ్గసంచుల నిండా గింజలు మోసుకెళ్లి దాచుకోవడం... తరతరాలుగా వాటి బతుకే అంత.

డ్రమ్ము వెనక మూడు రాత్రులు అది గడిపిందీ ఆ బతుకే. కాకపోతే భయంభయంగా. హ్యామ్‌స్టర్‌కి చూపు తక్కువ. మనుషుల్ని ఎక్కువగా వాసనతోనే పోల్చుకుంటుంది. పైనుంచి హఠాత్తుగా దిగే చెయ్యి దానికి గద్ద కాలుతో సమానం. దెబ్బ తగిలి ఉన్నా, ఆకలితో నీరసించినా ముట్టుకోనివ్వదు. గాయం కనిపించినా, తిండి మానేసినా, విరేచనాలతో తోక దగ్గర తడిగా ఉన్నా వెంటనే పశువైద్యుడికి చూపించాల్సిందే.

ఆ ఇంట్లో ఈ సంగతి మొదట పట్టుకున్నది, గనిలో నైట్‌షిఫ్టు చేసే తండ్రి. ‘‘నైటు డూటీ చేసొచ్చి పండుకున్నోణ్ని లేపితే నేనుగూడ కసురుకుంట. దానికిది పండుకునే యాళ్ల బిడ్డా’’ అన్నాడు. ఆయన నిద్రపోయే వేళ ఆ ఇంట్లో టీవీ పెట్టరు, గట్టిగా మాట్లాడరు. అదే మర్యాద హ్యామ్‌స్టర్‌కీ దక్కింది.

కొన్నాళ్లు ఎవరూ దాన్ని ఎత్తుకోలేదు. పాత గూడులోని పొట్టు కొంత అలాగే ఉంచారు. తన వాసన తనకి తగిలితే బెదురు తగ్గుతుందని. డ్రమ్ము వెనక దాచుకున్న కుప్పలోంచి పల్లీలు తీసి లోపల పెట్టారు. ఊచలు కొరకడం తరచుగా ఇరుకుకి గుర్తు. అందుకే పెద్ద పంజరం తెచ్చి, తవ్వుకోవడానికి వీలుగా అడుగున మందంగా పొట్టు పోశారు. గడియ గట్టిది బిగించారు. ఎండ పడే కిటికీ దగ్గర్నుంచి చల్లటి మూలకి మార్చారు. రోజూ దీపాలు పెట్టే వేళ పాప పంజరం పక్కన కూర్చుని మెల్లగా పేరు పెట్టి పిలిచేది. తర్వాత అరచేతిలో ఒక్క గింజ పెట్టి, కదలకుండా ఉండేది.

రెండు వారాలకి అది మీసాలు ఆడిస్తూ వచ్చి, గింజ తీసుకుని వెళ్లిపోయింది. మునుపటిలా చేతిలో కూర్చోలేదు. ఇక ముందు కూర్చోకపోవచ్చు కూడా. పాప ఇప్పుడు దాని గురించి ఏడవడం లేదు. అది నిద్రలేచే వేళ ఎప్పుడో తనకి తెలుసు.